నాకూ ఇంతే

నమోదు 212
నివేదిక స్థితి: ఇంకా పంపలేదు

ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను. కుడి చెయ్యి మౌస్ మీద ఉంది, దాన్ని అక్కడి నుంచి తీయడానికి వీల్లేదు. తప్పులుంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

ఈ పొద్దున లచ్చవ్వ కునుకు తీసింది. డెబ్బై దాటిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, "అవ్వా, ఈ ఎలుకను అటూ ఇటూ కదుపుతూ ఉండు, అంతే పని" అంటే ఎవరికి మాత్రం కునుకు రాదు? నేను నీళ్ళ క్యాను మోసుకొచ్చేసరికి కంప్యూటర్ తెర నల్లబడి ఉంది. క్యాను అక్కడే పారేసి, లచ్చవ్వ చెయ్యి పట్టుకుని మౌస్ కదిపాను. తెర వెలిగింది. బయట, బొగ్గు బాయిలోకి గాలి పంపే ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఏందే బిడ్డా, పడుకున్నదా?" అంది లచ్చవ్వ ఉలిక్కిపడి.

"అది పడుకోలే అవ్వా. నువ్వు పడుకున్నవ్."

"నేనా? కండ్లు మూసుకున్న, గంతే."

మా డెస్క్‌టాప్ కూడా అదే మాట అంటుంది. ముందు తెర నల్లబడుతుంది. కాసేపటికి ఫ్యాన్‌ను నడిపించే భాగం పడుకుంటుంది. మౌస్ కదిపితే తెర లేస్తుంది గానీ ఫ్యాన్ భాగం లేవదు. అప్పుడిక మొత్తం ఆర్పి మళ్ళీ వెలిగించాల్సిందే.

నిద్ర వద్దని దానికి చెప్పలేదా అని ప్రతివాడూ నన్నే అడుగుతాడు. చెప్పానయ్యా. సెట్టింగ్స్‌లో 'నిద్ర: ఎప్పుడూ వద్దు' అన్న చోట టిక్కు పెట్టాను. కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి అందులోనూ రాశాను. రెండు చోట్లా నా మాట పొల్లుపోకుండా దాచుకుంది. దాచుకుని పడుకుంటోంది. కీబోర్డు ఎంత కొట్టినా దాని లెక్కలోకి రాదు, మౌస్ కదిలితేనే మనిషి ఉన్నట్టు. ఆర్పి వెలిగించిన ప్రతిసారీ నిద్రపోయే గడువు ఇంకాస్త తగ్గుతోంది కూడా. మొదట్లో అన్నం వండుకునేంత సేపు ఆగేది. తర్వాత టీ తాగేంత. ఇప్పుడు జడ అల్లుకునేంత.

మా షిఫ్టులు చూసే సర్దార్ ఓదెలు మౌస్‌కు తాడు కట్టి, ఫ్యాన్ ఊపుతో దాన్ని కదిలించాలని చూశాడు. ఒకే తీరుగా కదులుతోంది కాబట్టి ఇది మనిషి కాదని పసిగట్టి పడుకుంది. ఆ తెలివి మాత్రం దానికి ఉంది. చేత్తో వేసే పాత మీట ఉండి ఉంటే ఈ బాధంతా ఉండేది కాదు. డెస్క్‌టాప్ వచ్చిన రోజునే ఇంక దీంతో పనేముందని మీటను పీకేశారట.

ఈ ఏడో నంబర్ బాయి కింద మూడు లెవెల్స్ నిండా జనం ఉన్నారు. బొగ్గు అయిపోయి ఖాళీ అయిన బాయిలోకి, పైన ఎండకు నిలవలేక, కాపురాలు దించుకున్నవాళ్ళం. ఫ్యాన్ ఆగితే ముందు పిల్లలకు తలనొప్పి మొదలవుతుంది. మా ఆయన రాజేశానికి అంతకంటే ముందే ఊపిరి అందదు. ఇక్కడ ఆఖరి బొగ్గు కొట్టిన జట్టు ఆయనదే. అందులో కొంత ఇంకా ఆయన ఛాతీలోనే ఉంది. లచ్చవ్వ కునికిన సంగతి ఆయనకు చెప్పలేదు. నాకు భయమేసింది. రేపు నివేదిక రాస్తాను.


నమోదు 213
నివేదిక స్థితి: కొత్తది

రాసి పంపాను.

మూలం అంటే ఈ సాఫ్ట్‌వేర్‌ను కాచుకునే జట్టు. ఎక్కడో ఉత్తరాన చల్లని చోట ఉంటారట. అన్ని బాయిల డెస్క్‌టాప్‌లలోనూ ఉన్నది వాళ్ళు పంపిన లినక్స్ అనే సాఫ్ట్‌వేరే. లోపం ఉంటే తీగ మీద నివేదిక పంపాలి. రాసింది తీగ మీద వెంటనే పోతుంది గానీ, అవతల మనిషి చదివి జవాబిచ్చేసరికి దోసకాయ తీగ కాపుకొస్తుంది.

పంపే ముందు, ఇదే లోపం ఇంకెవరైనా రాశారేమో వెతకమంటారు. వెతికాను. వెతుకులాటలో తెరిచి ఉన్న నివేదికలే కనిపిస్తాయి. వాటిలో ఇలాంటిది లేదు. తర్వాత మూడు ప్రశ్నలు అడుగుతారు. మీరేం చేశారు? ఏం జరుగుతుందని ఆశించారు? ఏం జరిగింది? రెండో దానికి "గాలి వస్తుందని ఆశించాను" అని రాశాను. వెటకారంగా ఉందనిపించి కొట్టేశాను. వాళ్ళకు కోపమొస్తే మన నివేదిక అడుగున పడుతుంది. "నిద్రపోకుండా ఉంటుందని ఆశించాను" అని రాశాను.

నివేదిక కింద 'నాకూ ఇంతే' అని ఒక బటన్ ఉంటుంది. ఇంకో బాయివాళ్ళు ఎవరైనా అది నొక్కాలి. కనీసం ఒక్కరు నొక్కితేనే లోపం నిజమని లెక్క. లేకపోతే అది నా ఒక్కదాని మాట. ఎవరి కంప్యూటర్ డబ్బా వాళ్ళు పట్టుకుని కూర్చున్న కాలంలో పక్క బాయి గోడు చదివే తీరిక ఎవరికుంది?

సాయంత్రం కిందికి దిగి రాజేశానికి చెప్పాను. గోడకు ఆనుకుని, ముక్కుతో కాకుండా నోటితో గాలి పీల్చుకుంటూ విన్నాడు.

"మూలపోల్లకు చెప్పినవా? రోలు పోయి మద్దెలకు మొర పెట్టుకున్నట్టున్నది."

"మరి ఎవలకు చెప్పాలె?"

"నాకు చెప్పు. నేనేం చెయ్యకపోయినా ఇంటగద."

విన్నాడు కూడా. కాన్ఫిగరేషన్ ఫైలులో ఏ వరుసలో ఏం రాశానో మొత్తం చెప్పించుకుని, మధ్యలో నిద్రపోయాడు. ఆయన పడుకుంటే మాత్రం నాకు సంతోషమే.


నమోదు 221
నివేదిక స్థితి: వివరాలు కావాలి

జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"మీ నివేదికకు ధన్యవాదాలు. ఈ సాఫ్ట్‌వేర్‌ను మెరుగుపరచడంలో మీ సహకారం విలువైనది. దయచేసి యంత్రం లాగ్‌నూ, కాన్ఫిగరేషన్ ఫైలునూ జతచేయండి. కొత్త వెర్షన్‌లో కూడా ఈ సమస్య ఉందేమో చూసి చెప్పగలరు. మృదుల, మూలం."

కొత్త వెర్షన్ ఈ తీగ మీద దిగేలోపు నా జుట్టు మొత్తం నెరిసిపోతుంది. దిగినా, ఎక్కించాలంటే ఆర్పి వెలిగించాలి, గడువు ఇంకా తగ్గుతుంది. ఆ సంగతే మర్యాదగా రాసి, లాగ్ మాత్రం జతచేశాను. లాగ్ అంటే యంత్రం తన గురించి తాను రాసుకునే డైరీ. వెలిగించిన ప్రతిసారీ పాతది చెరిపేసి కొత్తగా మొదలుపెడుతుంది. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఏ భాగం ఏమంది, అన్నీ అందులో ఉంటాయి.

నేను ఇదంతా పంపుతుంటే ఓదెలు షిఫ్టు మారడానికి వచ్చాడు. బొగ్గు రోజుల నుంచీ ఈ బాయిలో ఒక ఆచారం ఉంది. డ్యూటీలో ఉన్న మనిషి తనంతట తాను లేవకూడదు. వచ్చిన మనిషి భుజం మీద చెయ్యి వేసి, "లే, నేను కూసున్న" అనాలి. అప్పుడే లేవాలి. వెనక మనిషి లేకుండా మిషన్ వదిలేసి, ఒకప్పుడు చాలామంది పోయారట. ఆకలైనా సరే, కొంప మునిగినా సరే, ఆ మాట వినపడకుండా ఇక్కడ ఎవరూ కుర్చీ దిగరు.

"లే వదినె, నేను కూసున్న" అన్నాడు ఓదెలు నా భుజం తట్టి. నా చెయ్యి తీస్తుండగానే తన చెయ్యి మౌస్ మీద పెట్టాడు. రెండు చేతుల మధ్య సందు లేదు. మా బాయిలో నాకు నచ్చే సంగతి ఇదొక్కటే.


నమోదు 229
నివేదిక స్థితి: మూసివేశారు. లోపం కనబడలేదు

"మీరు పంపిన లాగ్‌ను పూర్తిగా పరిశీలించాము. చివరిసారి వెలిగించినప్పటి నుంచి మీ యంత్రం ఒక్కసారి కూడా నిద్రపోలేదు. ఫ్యాన్ భాగం నిరంతరాయంగా పనిచేస్తోంది. మీరు వివరించిన లోపం ఇందులో ఎక్కడా నమోదు కాలేదు కనుక ఈ నివేదికను మూసివేస్తున్నాము. మళ్ళీ ఎదురైతే, అది జరుగుతున్నప్పటి లాగ్‌తో తిరిగి తెరవగలరు. మృదుల, మూలం."

ఇది చదివి నేను గట్టిగా నవ్వాను. తర్వాత బల్ల మీద గుద్దాను. మౌస్ ఎగిరి పడింది, అదీ ఒక కదలికే కాబట్టి డబ్బా సంతోషించింది.

నిద్రపోలేదట! ఎందుకు పోలేదు తల్లీ? మేం పోనిచ్చామా? లచ్చవ్వ, ఓదెలు, నేను, ఇంకా చేతులున్న ప్రతి ఒక్కళ్ళం తిండి మింగుతూ, దగ్గుతూ, జ్వరంతో వణుకుతూ దాన్ని కదుపుతూనే కూర్చున్నాం. షిఫ్టు మారేటప్పుడు కూడా సందు ఇవ్వలేదు. ఇంకో బాయివాళ్ళయితే ఎప్పుడో ఒకసారి ఏమరుపాటుగా వదిలేసి ఉండేవాళ్ళు, వాళ్ళ లాగ్‌లో లోపం పడేది. మేం కాపలా బాగా కాశాం కాబట్టి మా దగ్గర దొంగే లేడని తేల్చారు.

ఓదెలుకు చదివి వినిపించాను. ఇంకోసారి చదివించుకున్నాడు.

"అంటే వదినె, అది పడుకున్నట్టు సూపియ్యాలంటే పండవెట్టాలె."

"అవును."

"పండవెడితే ఫ్యాన్ బందయితది."

"అవును ఓదెలూ."

"కింద మనుషులున్నరు గద."




నమోదు 231
నివేదిక స్థితి: మూసే ఉంది

నిన్న రాజేశం మంచం చుట్టూ మూడో లెవెల్‌లో అందరం కూర్చున్నాం. కుర్చీలో లచ్చవ్వ ఉంది కాబట్టి ఆమె ఒక్కతే రాలేదు.

వాదన పెద్దగా ఏమీ జరగలేదు. గడువు ఈ తీరుగా తగ్గుతూ పోతే ఒకనాటికి చేతులు చాలవని అందరికీ తెలుసు. ఈ చలి రోజుల్లో తెల్లారగట్ల కొద్దిసేపు పైన నిలబడగలం. అప్పుడు అందరూ పైకి రావాలి, డబ్బాను పడుకోనివ్వాలి, అది లేవకపోవడం లాగ్‌లో పడాలి. ఆ లాగ్‌ను వేరే డిస్క్‌లోకి ఎక్కించే ఆదేశం ముందే రాసి పెడతాను. తర్వాత ఆర్పి వెలిగిస్తే ఫ్యాన్ తిరుగుతుంది. ఆర్పి వెలిగించడానికి ఒక బీడీ కాల్చేంత సేపు పడుతుంది. గడువు ఇంకో మెట్టు తగ్గుతుంది, దానికి ఒప్పుకోవాలి.

మిగిలిన చిక్కు రాజేశం. పోయినేడు ఒకసారి మంచం మీద పైకి మోసుకొచ్చాం. దుమ్ముగాలి తగిలి పెదవులు నల్లబడ్డాయి. దించాక రెండు రోజులు కూర్చునే నిద్రపోయాడు.

"అన్నను ఎట్ల?" అన్నాడు ఓదెలు నన్ను చూడకుండా.

రాజేశమే జవాబు చెప్పాడు. "పైకి తీస్కపోతే ఖాయంగ పోత. కింద ఉంటే పోవచ్చు, పోకపోవచ్చు. ఖాయం కన్న అనుమానమే నయం గదరా."

"నేను నీ దగ్గర ఉంట" అన్నాను.

"నువ్వు నా దగ్గరుంటే గా డబ్బా దగ్గర ఎవలుంటరే? గా ఫైలులు, గా వరుసలు ఇంకెవలకు ఎరుక?" కాస్త గాలి పీల్చుకుని మళ్ళీ అన్నాడు. "తోడు ఎవ్వలద్దు. ఉన్న గాలి ఇంకొకలు పీల్చుడెందుకు? బెల్లు తాడు నా చేతికియ్యుండ్రి. మంచిగుంటే కొడుతుంట."

బొగ్గు తొట్లు లాగిన రోజుల్లో కింది నుంచి పైకి సంకేతం పంపే బెల్లు అది. తాడు ఇప్పటికీ గట్టిగానే ఉంది. పైన డబ్బా ఉన్న ఫ్యాన్ హౌస్ గోడకే మోగుతుంది.

నేను వద్దని అరవాల్సింది. అరవలేదు. లచ్చవ్వ తల వాల్చిన ఆ పొద్దు నా కళ్ళ ముందు మెదిలింది. ఇవాళ కాకపోతే ఇంకో రోజు ఎవరో ఒకరు తల వాలుస్తారు, అప్పుడు కింద రాజేశం ఒక్కడే ఉండడు. ఇదంతా తెలిసీ ఆయన మీద కోపమొచ్చింది, నా మీదా వచ్చింది.


నమోదు 233
నివేదిక స్థితి: మూసే ఉంది

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లారగట్ల అందరూ పైకి వచ్చారు. తడిబట్టలు ముక్కులకు కట్టుకుని ఫ్యాన్ హౌస్ నీడన కూర్చున్నారు. పిల్లలు ఆకాశం చూసి అల్లరి మొదలుపెట్టారు. రాజేశం కింది నుంచి తాడు లాగాడు, గోడ మీద బెల్లు ఒకసారి మోగింది. ఆయన బాగున్నాడు.

లోపల కుర్చీలో లచ్చవ్వ ఉంది.

"అవ్వా, చెయ్యి తీసి లెవ్వు. పండవెట్టాలె గద" అన్నాను.

"ఎవలు కూసుంటున్నరు?"

"ఎవ్వలు కూసోరు. గందుకే గద ఇదంత."

"ఎవలు కూసోకుంటే నేనెట్ల లేత్తనే?" అంది. మొండితనం కాదు. ఆమె కాళ్ళు నిజంగానే లేవలేదు. మౌస్ మీది చెయ్యి దానంతట అది కదులుతూనే ఉంది. తీయాలని చూసి, మళ్ళీ పెట్టేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పాణం ఒప్పుకుంటలేదు బిడ్డా."

చివరికి నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "లే అవ్వా, నేను కూసున్న" అన్నాను. అప్పుడు లేచింది. నేను కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. వేళ్ళు లాగుతున్నాయి, ఒకదానితో ఒకటి పెనవేసి పట్టుకున్నాను.

తెర నల్లబడింది. జడ అల్లుకునేంత సేపటికి ఫ్యాన్ మోత సన్నగిల్లింది, రెక్కలు ఒక్కొక్కటిగా కంటికి కనిపించాయి, ఆగిపోయాయి. ఇదివరకు ఆగినప్పుడల్లా ఉరుకులు పరుగులే, నా పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ నిశ్శబ్దాన్ని ఇలా కూర్చుని విన్న గుర్తులేదు. బయట పిల్లలు కూడా నోరు మూసుకున్నారు. బెల్లు మోగింది.

మౌస్ కదిపాను. తెర లేచింది, ఫ్యాన్ లేవలేదు. అనుకున్నట్టే. లాగ్‌లో ఎర్ర అక్షరాలతో లోపం పడింది, వేరే డిస్క్‌లోకి ఎక్కుతోంది. అది ఎక్కగానే ఆర్పబోయాను. మామూలుగా ఆరలేదు, ఫ్యాన్ భాగం కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోయింది. బలవంతంగా కరెంటు తీసి మళ్ళీ పెట్టాను.

వెలిగింది. ఒక బీడీ కాల్చేంత సేపు, అంతే కదా అనుకున్నాను. తెర మీద ఇలా వచ్చింది: "యంత్రాన్ని సరిగా ఆర్పలేదు. డిస్క్‌ను పరీక్షిస్తున్నాము. దయచేసి మధ్యలో ఆపవద్దు. ఆపితే డిస్క్ పాడైపోవచ్చు."

కింద ఒక గీత. అది నత్తలా జరుగుతోంది.

బెల్లు మోగింది.

ఓదెలు గుమ్మంలోకి వచ్చాడు. "ఏమాయె వదినె? ఇంకా తిరుగుతలేదేంది?"

"డిస్క్ చూసుకుంటాంది."

"ఆపెయ్ మరి!"

"ఆపితే డిస్క్ పోతది. డిస్క్ పోతే ఇంక ఫ్యాన్ ఎన్నడూ తిరగది ఓదెలూ. ఎవ్వలకూ తిరగది."

"నేను దిగుత మరి. అన్నను ఎత్తుకొస్త." నా మాట కోసం ఆగకుండా తడిబట్ట కట్టుకుని దిగాడు. మూడో లెవెల్ దాకా మెట్లు. గాలి లేకుండా మెట్లు.

గీత సగానికి వచ్చింది. బెల్లు మోగింది, ఈసారి మెల్లగా, తాడుకు ఎవరో ఊరికే తగిలినట్టు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఆ స్విచ్ నా మోకాలి పక్కనే ఉంది. నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు, తెలియకపోయి ఉంటే నొక్కేసేదాన్ని. లచ్చవ్వ నా వెనక నిలబడి నా తల మీద చెయ్యి వేసి ఉంచింది.

గీత నిండింది. ఫ్యాన్ కదిలింది. రెక్కలు కలిసిపోయి మోత మొదలయ్యేదాకా చూశాను. బెల్లు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. నా చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది.

బెల్లు ఇంక మోగలేదు. ఓదెలు రెండో లెవెల్ దగ్గరే పడిపోయాడు, గాలి వచ్చాక లేచి మిగతా మెట్లు దిగాడు. ఓదెలు వెళ్ళేసరికి రాజేశం తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని ఉన్నాడట. చేతిలో పట్టు ఉండదని ముందే అనుకుని ఉంటాడు.

వెంటనే దిగిపోదామనుకున్నాను. లచ్చవ్వ నా భుజం తట్టి "లే బిడ్డా, నేను కూసున్న" అనేదాకా లేవలేకపోయాను.


నమోదు 234
నివేదిక స్థితి: తిరిగి తెరిచాను

లాగ్ జతచేసి పంపాను. మూడు ప్రశ్నలకు మళ్ళీ జవాబులు రాశాను. ఏం చేశారు అన్న చోట, నిద్రపోనిచ్చాను అని. ఏం ఆశించారు అన్న చోట, ఈసారి గాలి అనే రాశాను. కొట్టేయలేదు.

రాజేశం కొట్టిన ఆఖరి బొగ్గు గోడ ఉన్న చోటే ఆయన్ని మట్టిలో పెట్టాం.

గడువు ఇప్పుడు ఒక పెద్ద ఊపిరి తీసి వదిలేంత.


నమోదు 247
నివేదిక స్థితి: మూసివేశారు. ఇదివరకే ఉన్న నివేదికకు నకలు

కుర్చీలో ఇద్దరిద్దరం కూర్చుంటున్నాం. ఒకరి చెయ్యి మొద్దుబారితే ఇంకొకరి చెయ్యి. షిఫ్టు మారేటప్పుడు నలుగురం గుమిగూడుతాం. దోస తీగలకు నీళ్ళు పోసే చేతులు కూడా ఇక్కడికే వచ్చేశాయి. తీగలు ఎండుతున్నాయి.

ఈ పొద్దు జవాబు వచ్చింది.

"మీ లాగ్‌కు ధన్యవాదాలు. లోపం స్పష్టంగా ఉంది. ఇదే లోపాన్ని ఇంతకుముందే ఒకరు నివేదించారు కనుక, మీదాన్ని దానికి నకలుగా గుర్తించి మూసివేస్తున్నాము. పాత నివేదికకు దారి కింద ఇచ్చాము."

దాని కింద ఎప్పుడూ ఉండే "మృదుల, మూలం" లేదు. ఇంకో నాలుగు మాటలు ఉన్నాయి. "స్వరూప గారూ, ఈ భాగం రాసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. నివేదికలు చదవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. సరిచేయడం నాకు రాదు. వచ్చినవాటిని సరైన చోట పెట్టడం, మూయడం, ఇవే నేర్పారు. ఈ మాట మీకు ముందే చెప్పి ఉండాల్సింది. మృదుల."

ఆమెను తిట్టాలని అనుకున్నాను. తిట్లు కూడా కూడగట్టుకున్నాను. కానీ అంత దూరాన ఒక్కతే ఒక కుర్చీలో కూర్చుని, తన చేత కాని పనిని వదిలి లేవలేకపోతున్న మనిషిని ఏమని తిట్టాలి?

పాత నివేదిక తెరిచాను. పదకొండో నంబర్ బాయి నుంచి గట్టయ్య అనే ఆయన రాసింది. మూసేసి ఉంది కాబట్టే నా వెతుకులాటలో పడలేదు. శీర్షిక ఇది: "పండుకోకు అంటె పండుకుంటాంది." కాన్ఫిగరేషన్ ఫైలులో నేను రాసిన వరుసే ఆయనా రాశాడు. ఆయన డబ్బా గడువు కూడా వెలిగించిన ప్రతిసారీ తగ్గింది. ఆయనా తాడు కట్టి చూశాడు. ఒక్కో మాటా చదువుతుంటే మా ఇంట్లో ఎవరో రాసినట్టే ఉంది.

కింద ఆయన వ్యాఖ్యలు వరుసగా ఉన్నాయి. మొదట్లో పెద్ద పెద్ద పేరాలు. తర్వాత చిన్నవి.

"ఇప్పుడు ఊపిరి తీసేంత గూడ ఆగుతలేదు."

"వేలు తీస్తె పండుకుంటాంది. ముగ్గురం ఉన్నం."

"ఇద్దరం."

"చెయ్యి మారేతందుకు ఎవ్వలు లేరు. ఎవలన్న చదువుతె నాకూ ఇంతే అని ఒక్కసారి ఒత్తుండ్రి. గప్పుడన్న మూలపోల్లు నమ్ముతరు."

దాని కింద మూలం వాళ్ళది: "మీ నివేదికకు ధన్యవాదాలు. దయచేసి యంత్రం లాగ్‌ను జతచేయండి."

ఆ కింద: "నివేదించినవారి నుంచి స్పందన లేదు. మూసివేస్తున్నాము."

'నాకూ ఇంతే' పక్కన సున్నా ఉంది.

నా పక్కన మౌస్ పట్టుకుని కూర్చున్న లచ్చవ్వ, "ఏం రాసిండ్రే? బాగు చేస్తరటనా?" అంది.

"లేదవ్వా. బాగు చేసేటోల్లు లేరట."

"మరి గట్లెందుకు సూస్తున్నవ్ దాన్ని?"

"ఇక్కడ ఒకాయన కూసునే ఉన్నడవ్వా. లెవ్వుమని చెప్పేటోల్లు రాలే."

లచ్చవ్వకు నేను విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. కుర్చీలో కాస్త పక్కకు జరిగి, తన చెయ్యి తీయకుండానే, నా చెయ్యి వెళ్ళడానికి మౌస్ మీద చోటిచ్చింది. ఇద్దరం కలిసి బాణం గుర్తును ఆ బటన్ మీదికి తీసుకెళ్ళి నొక్కాం. సున్నా ఒకటి అయింది. వ్యాఖ్య రాసే పెట్టెలో ఎడమ చేత్తో టైపు చేశాను.

"గట్టయ్యా, లే. నేను కూసున్న. ఏడో నంబర్ బాయి, స్వరూప."

పంపగానే నివేదిక దానంతట అదే మళ్ళీ తెరుచుకుంది.

స్థితి: నిర్ధారణ అయింది
బాధ్యులు: ఎవరూ లేరు